సముద్రం చూసొచ్చిన బావ

మొన్న వనపర్తి బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో వాతావరణం చెబుతున్నారు. మ్యాపు ముందు నిలబడిన అమ్మాయి, భూమధ్యరేఖ పొడుగునా పెద్ద మేఘాల గుంపు ఒకటి పడమటి నుంచి తూర్పుకు కదులుతూ పోతుందనీ, నెలకో రెండు నెలలకో లోకం చుట్టి మళ్ళీ మొదటికొస్తుందనీ, ఇప్పుడది హిందూ మహాసముద్రం మీదికి చేరింది కాబట్టి వచ్చేవారం మనకు వానలు ఊపందుకుంటాయనీ చెప్పింది. దానికేదో మూడక్షరాల ఇంగ్లీషు పేరు కూడా ఉంది. చాయ్ వడగడుతున్న హోటలాయన చెయ్యి ఆపి నా వైపు తిరిగాడు.

"గిది మీ బావ ఎప్పుడో చెప్తుండె గద!"

"ఔ, చెప్తుండె" అన్నాను.

"ఏం మనిషి! గసుంటోళ్ళు మల్ల పుట్టరు."

సగం గ్లాసు వదిలేసి లేచాను. మనిషి పోయి ఎన్నేళ్ళో అయింది. బతికున్నప్పుడు మా నాయిన, మా ఊరు, ఆఖరికి నా భార్య కూడా ఆయన పాటే పాడారు. పోయాక టీవీవాళ్ళు మొదలుపెట్టారు.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన సొంతూరు అలంపూర్ దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. పడుచుతనంలో బొంబాయి పోయి, సరుకుల ఓడలెక్కి, వైర్‌లెస్ గదిలో పనిచేశాడు. పెళ్ళయ్యాక ఓడలు మానేసి వనపర్తిలో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అంతకన్నా ఆయన చరిత్ర నాకెందుకు? నాకు మింగుడుపడనిది ఒక్కటే. మా పాలమూరు మెట్టల్లో సముద్రం చూసినవాడు ఆయన ఒక్కడే. మేం కృష్ణను చూశాం. అది మా ఊరి పక్కనుంచే పోతుంది, మా చేలను మాత్రం తడపదు. సముద్రం చూసినవాడు మా ఇంటికి అల్లుడయ్యాక, చూడనివాడు ఆ ఇంట్లో కొడుకై ఏం లాభం?

ఆయన నడకే వేరుగా ఉండేది. కాళ్ళు ఎడం చేసి, నేల ఎప్పుడు పక్కకు ఒరుగుతుందో అన్నట్టు నడిచేవాడు. మా వాడకట్టు పిల్లలు ఆయన వెనక అట్లాగే నడుస్తూ ఆడుకునేవాళ్ళు. చాయ్ గ్లాసు కింద పెట్టేవాడు కాదు, అయిపోయేదాకా చేతిలోనే ఉండాలి. ఓడలో బల్లమీద పెట్టింది బల్లమీద ఉండదట. అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో కంచాన్ని పొదివి పట్టుకునేవాడు. అది చూసి మా అమ్మ, "పాపం, ఎవలన్న గుంజుకుంటరేమోనని బిడ్డకు బుగులు" అని ఇంకో రొట్టె వేసేది. నేనూ అట్లా పట్టుకుని చూశాను. "సక్కగ తినరాదుర?" అంది.

మేమంతా వానకోసం పడమటి దిక్కు చూస్తే ఆయన దక్షిణం చూసేవాడు. మా గల్మలో, గడప మీద నిలబడి, కళ్ళు చికిలించి, ముక్కు ఎగబీల్చి, చాలాసేపు అట్లాగే ఉండేవాడు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఏం కనిపించేదో దేవుడికే తెలియాలి. మా దక్షిణాన ఉన్నది రాళ్ళగుట్ట.

"వాన రాలే అనొద్దు బామ్మర్దీ" అనేవాడు నాతో. "వాన ఈడ లేదు, గంతే. యాడనో ఒక్కతాన పడుతనే ఉన్నది."

"యాడనో పడితే మాకేమొచ్చె బావా?"

"అది నిజమే" అని నవ్వేవాడు.

ఆయనతో వచ్చిన చిక్కే అది. ఏమన్నా ఒప్పుకునేవాడు. కొట్లాటకు చోటే దొరికేది కాదు.

ఆ మబ్బుల సంగతి ఆయన మొదటిసారి చెప్పింది మా వంటింట్లో, జొన్నరొట్టె మీద. నాయిన, ఆయన ఎదురెదురుగా పీటలమీద కూర్చున్నారు. బావ రొట్టెను పైకెత్తి పట్టుకుని, ఉల్లిగడ్డ ముక్కను దాని అంచు వెంబడి మెల్లగా జరిపాడు.

"ఇది భూమి అనుకో మామా. ఇది మబ్బుల మంద. ఆఫ్రికా పక్క సముద్రంల పుట్టుతది. తూర్పుకు జరుగుతది, జరుగుతది, మన కిందికెళ్ళి పోతది. పోయేటప్పుడు మన వానలకు బలమిచ్చిపోతది. అది దాటిపోయిందనుకో, మనకు ఎండలే. లోకమంత తిరిగి మల్ల వస్తది. పోలీసోళ్ళు రాత్రిపూట గస్తీ తిరుగుతరు సూడు, గట్ల."

"నువ్వు చూసినవా?" అన్నాడు నాయిన.

"దాని కిందనే ఉన్న మామా. ఆఫ్రికాల మొంబాసా రేవు దాటినంక పట్టుకున్నది. ఓడ తూర్పుకు పోతున్నది, అదీ తూర్పుకే పోతున్నది. రోజుల కొద్ది వాన. మాకంటె ముందుగాల పోదు, ఎనకకు ఉండదు. వైర్‌లెస్‌ల అన్ని ఓడలోళ్ళు అదే ముచ్చట."

నాయిన పగలబడి నవ్వాడు. "మేమీడ చినుకు కోసం మొక్కుతుంటే, నువ్వు దానితోని జతకట్టి తిరిగినవా అల్లుడా!" అన్నాడు. నాయిన అట్లా నవ్వగలడని అప్పటిదాకా నాకు తెలియదు. నేను పక్కనే కూర్చుని రొట్టె తింటున్నాను. నా రొట్టె రొట్టెగానే ఉంది.

అప్పటినుంచి మా ఊళ్ళో దానికి గస్తీ మబ్బు అని పేరు పడింది.

రెండువేల రెండో సంవత్సరం సంగతి చెప్పాలి. జూన్ మొదట్లో, మిర్గం కార్తెలో ఒక వాన పడింది. ఊరంతా గొర్రులు కట్టి విత్తనం మొదలుపెట్టారు. నేను మా చేలోకి పోయి మట్టి తవ్వి చూశాను. పైన తడి, బెత్తెడు లోపల పొడి. ఇంటికొచ్చి, "నాయినా, జర ఆగుదాం. తడి దిగలే. ఇప్పుడు ఇత్తితే మొలక మాడుతది" అన్నాను.

నాయిన ఇంతెత్తున లేచాడు. "మిర్గం పడ్డంక ఆగుడేందిర? ఊరంత ఇత్తుతుంటే మనం చేతులు కట్టుకొని కూసోవాల్నా? నీకేమెరుక?"

తెల్లవారి నేనే ఎడ్లను కట్టాను. ఆదివారం కావడంతో బావ బస్సు దిగి నేరుగా చేలోకే వచ్చాడు. గట్టుమీద నిలబడి దక్షిణం చూశాడు. ఎడ్లు ఆగాయి, నాయిన ఆగాడు, పక్క చేలవాళ్ళు కూడా ఆగారు.

"గస్తీ ముందుకు పోయింది మామా. ఇగ నెల దాక మన దిక్కు సూడదు. ఆగుండ్రి."

నాయిన మారుమాట లేకుండా గొర్రు విప్పేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "నేను నిన్ననే చెప్పిన గద!" అన్నాను.

"నువ్వు ఊకెనే అన్నవ్. అల్లుడు లెక్కతోని చెప్తుండు."

అప్పుడు బావ చేసిన పని నేను ఈనాటికీ మరచిపోలేదు. నా భుజంమీద చెయ్యి వేసి, "లేదు మామా. బామ్మర్ది చెప్పిందే నేను చెప్తున్న. ఆయన మట్టిల చెయ్యివెట్టి చూసిండు, నేను రేడియోల ఇన్న. నా కంటె ఆయనదే పక్కా" అన్నాడు.

అంత స్పష్టంగా చెప్పాడు. ఇంకెవరైనా అయితే ఆ మాటతో నా పరువు నిలబడాలి. నాయిన పక్క చేలవాళ్ళ వైపు తిరిగి, "చూసిండ్రా, నా అల్లుని మనసు! పేరు కూడ తనకొద్దంటుండు" అన్నాడు.

ఆ జూలైలో చుక్క రాలలేదు. మా జిల్లాలోనే కాదు, దేశమంతా అంతే అన్నారు. ముందు విత్తినవాళ్ళ మొలకలు మాడి బూడిదరంగు తిరిగాయి. ఆగస్టులో కాసిన్ని వానలు పడ్డాక మేం ఆముదం, కంది వేసుకున్నాం, ఏదో కొంత చేతికొచ్చింది. మా మాట విని ఆగిన నలుగురైదుగురు దసరాకు బావకు శాలువా కప్పారు. నేను బస్టాండు నుంచి ఆయన్ను బండిమీద తెచ్చి, మళ్ళీ బస్టాండులో దింపాను.

ఒక ఏడు నేనూ పట్టుదలకు పోయాను. గద్వాల అంగట్లో చిన్న రేడియో కొనుక్కుని, పొద్దున్నే వార్తలు విని, పేపర్లో మబ్బుల ఫొటో చూసి, ఊరందరి ముందూ "వచ్చేవారం గస్తీ వస్తది" అన్నాను. వచ్చింది. నిక్కచ్చిగా వచ్చింది. చెరువు అలుగు పారింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, "మీ బావ మంచిగ నేర్పిండు" అని. ఇంటికొస్తే నా భార్య, "ఈ వాన ఎన్నిరోజులుంటదో వనపర్తి అన్నను జర అడుగరాదు?" అంది. ఆ రేడియో పాడైతే బావ దుకాణంలోనే ఇవ్వాల్సి వచ్చింది. బాగుచేసి, కొత్త బ్యాటరీలు కూడా వేసి ఇచ్చాడు.

మా అక్కతో ఒకసారి అన్నాను, "నాయినకు నేను కనవడ్తలేనక్కా" అని. అక్క కూరగాయలు తరుగుతూ, "గాలి ఎవలికన్న కనవడ్తదా? లేకుంటే తెలుస్తది" అంది. అది ఓదార్పో కాదో నాకు అర్థం కాలేదు. ఎంతైనా ఆమె ఆయన భార్యే కదా, మాటలు అట్లాగే వస్తాయి.

తరువాత రెండువేల తొమ్మిది వచ్చింది.

ఆ ఏడు మొదటినుంచీ ఎండలే. బావ వచ్చి నాయినతో ఇంకో ముచ్చట చెప్పాడు. గస్తీ మబ్బుకు పైన ఇంకొకటుందట. అమెరికాకూ మనకూ నడుమ ఉన్న పెద్ద సముద్రం కొన్నేళ్ళకోసారి వేడెక్కి, మళ్ళీ చల్లబడుతుందట.

"వేడెక్కిన యేడు మబ్బులను ఆ దిక్కు గుంజుకపోతది మామా. గిప్పుడు గదే అయితున్నది. ఊయల లెక్క ఊగుతనే ఉంటది."

"అయితే దానికి మన మీద కోపమేం లేదంటవ్" అన్నాడు నాయిన.

"కోపమా! దానికి మనం ఉన్నట్టే తెల్వదు."

మా మెట్టచేలు ఎండిపోయాయి. ఏటి ఒడ్డున బావ వాళ్ళ చేలో మాత్రం మోటారు నీళ్ళతో మొక్కజొన్న నిలబడింది. కంకులు కోసే వేళకు నాయిన, "ఈడ నాకేం పనున్నది? అల్లునికి ఆసరా అయిత" అని అక్కడికి పోయాడు. దసరా వెళ్ళిన వారంలో వాన పట్టుకుంది. కంకుల కుప్పలు ఏటి పక్కన కల్లంలో ఉన్నాయి. ఆ ఒడ్డున చేలున్నవాళ్ళంతా బావ దగ్గరికి వచ్చి, కుప్పలు పైకి తోలాలా, ఉంచాలా అని అడిగారట. బావ దక్షిణం చూసి, "గస్తీ ఎప్పుడో దాటింది. పెద్ద సముద్రం వేడి మీదున్నది. ఇది పెద్ద వాన గాదు, రేపో ఎల్లుండో ఇడుస్తది. ఉంచుండ్రి" అన్నాడట. అందరూ ఉంచారు.

అలంపూర్ దిక్కంతా మునిగిందని మాకు టీవీలోనే తెలిసింది. బావ ఫోను పలకలేదు. వనపర్తి నుంచి అక్క ఏడుస్తూ వచ్చింది. అమ్మ పొయ్యి ముట్టించలేదు. నేను రొట్టెలు మూటగట్టుకుని, దొరికిన బండి ఎక్కి, దొరకని చోట నడిచి, హైవే దాకా పోయాను. అక్కడినుంచి చూస్తే చెట్ల తలలు తప్ప ఏమీ లేవు. నీళ్ళు, నీళ్ళమీద కొట్టుకుపోతున్న గడ్డివాములు. నాయినకు ఈత రాదు.

ఎవరో చెప్పారు, ఆ ఊరివాళ్ళను మెరకమీద ఉన్న బడిలో ఉంచారని. బతికే ఉన్నారని తెలియగానే భయం పోయి కోపం వచ్చింది. మోకాలి లోతు బురదలో నడుస్తూ అనాల్సిన మాటలన్నీ కూర్చుకున్నాను. నీ మాట నమ్మి మా నాయిన ఏట్లో పోతుండె. నీ గస్తీ ఏమైంది? నీ ఊయల ఏమైంది? ఇన్నేళ్ళకు ఆయన తప్పాడు, అందరిముందూ తప్పాడు, నేను అడగబోతున్నాను. నిజం చెప్పాలంటే ఆ బురదలో నా నడక చాలా హుషారుగా సాగింది.

బడి వరండాలో నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన బావ గోనెసంచి కప్పుకుని, జ్వరంతో వణుకుతూ ఉన్నాడు. నన్ను చూసి నాయిన అన్న మొదటి మాట ఇది:

"నువ్వెందుకొచ్చినవ్‌ర? గొడ్లను ఎవలమీద ఇడిసొచ్చినవ్?"

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ దానికి జవాబు కాదు.

నాయినే మొత్తం చెప్పాడు. పట్టపగలే నీళ్ళు కల్లంలోకి వచ్చాయట. బావ మోటారు తాడు తెచ్చి, ఒక కొస తన నడుముకు, ఒక కొస నాయిన నడుముకు కట్టి, ఛాతీలోతు నీళ్ళలో రోడ్డు దాకా ఈడ్చుకొచ్చాడట. "కాలు జారితే ఆడనే పోదుము. ఓడలోళ్ళు కట్టే ముడిరా అది. గుంజినకొద్ది బిగుస్తది, ఇడువాల్నంటే ఒక్క ఏలుతోని ఇడుస్తది." ముంచినవాడి సంగతి లేదు, ముడి సంగతే.

అంతలో బావ లేచాడు. కాళ్ళు నిలవడంలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు. గదుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకుపొమ్మన్నాడు. పోయి నిలబడి, గొంతు తగ్గించకుండా, "నా మాట ఇని ఆగిండ్రు. గింజ పోయింది. నేను తప్పు చెప్పిన. నాకు తెల్వకనే తెలిసినట్టు చెప్పిన" అన్నాడు. ప్రతిచోటా అదే మాట. ఒక్కచోట కూడా ఏటిమీద నెట్టలేదు, మబ్బుమీద నెట్టలేదు.

ఇప్పుడు తిడతారు అని చూశాను. ఎవరో ఒకరు తిట్టాలి కదా. ఒక ముసలమ్మ ఆయన నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"ఒళ్ళు కాలుతున్నది బిడ్డా, పండుకో పో. ఏరు నిన్నడిగి వస్తదా?"

ఇంకొకాయన తన దుప్పటి తెచ్చి కప్పాడు. ఇన్నేళ్ళుగా ఒప్పు చెప్పి నేనొక్క మనిషిని కూడా సంపాదించుకోలేకపోయాను. ఆయన అంత పెద్ద తప్పు చెప్పి దుప్పటి సంపాదించాడు. ఆ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది నేనే కాబట్టి వాళ్ళంతా నన్ను కూడా మెచ్చుకున్నారు, "బామ్మర్ది కూడ మంచోడే" అని.

ఆ తరువాత ఆయన వాన సంగతి చెప్పడం మానేశాడు. ఎవరడిగినా, "తెల్వదు" అనేవాడు, ఇదివరకు చెప్పినంత ధీమాగానే. జనానికి అదీ నచ్చింది. "తెల్వదని ఒప్పుకునుడు ఎంతమందికొస్తది?" అన్నారు. నేను పుట్టినప్పటినుంచీ తెలియదనే అంటున్నాను.

నీళ్ళలో పట్టిన దగ్గు ఆయన్ను వదల్లేదు. చలికాలమంతా దవాఖాన చుట్టూ తిరిగాడు. మరుసటి ఎండాకాలం, ఇంకా మబ్బు పట్టకముందే, దుకాణంలో పని చేసుకుంటూనే పక్కకు ఒరిగిపోయాడు. కబురు విని మేం పోయేసరికి దుకాణం ముందు వీధి పట్టనంత జనం. నాయిన ఆటో దిగి, అందరినీ తోసుకుని పోయి, ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నాకు కొరివి పెట్టేటోడు పోయిండు" అని ఏడ్చాడు.

పక్కనున్న పెద్దాయన, "ఏం మాటయ్యా అది! కొడుకు ఎనకనే నిలవడ్డడు" అన్నాడు. నాయిన వెనక్కి తిరగలేదు. నేను జనంలోంచి బయటికొచ్చి, కట్టెలు తెచ్చేవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదని, ఆ పనిమీద పోయాను.

బూడిద కృష్ణలో కలుపుదామంటే అక్క ఒప్పుకోలేదు. "ఆయనను సముద్రంల కలపాలె" అంది. అక్క రాలేని స్థితిలో ఉంది. నాయిన తానే పోతానన్నాడు. ఆ వయసులో ఒంటరిగా ఎట్లా పోతాడు? హైదరాబాదు దాకా బస్సు, అక్కడినుంచి రైలు, బాపట్ల దగ్గర మళ్ళీ ఆటో. దారిలో నాయిన ఆ కుండను ఒళ్ళోంచి దించలేదు. నీళ్ళసీసా, సంచీ, టికెట్లు నా దగ్గర.

సముద్రం చూడగానే నాయిన నోరు తెరిచి నిలబడిపోయాడు. నేనూ నిలబడిపోయాను. దీన్ని చూసినవాడు ఎదురుగా ఉంటే, మా చెరువు చూసినవాడి మాట ఎవరు వింటారనిపించింది. అనిపించినందుకు ఇంకా మండింది.

ఒక పడవాయన కాస్త లోపలికి తీసుకుపోయాడు. పడవ ఊగుతుంటే నాయిన భయంతో నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. బూడిద కలిపాక పడవాయన పడవను ఒడ్డువైపు తిప్పాడు. తిప్పుతూ అడిగాడు.

"పోయినాయన మీకేమవుతారండీ?"

"మా అల్లుడు. ఓడల మీద పని జేసిండు. వైర్‌లెస్సు. గీ సముద్రమంత తిరిగిండు. వాన యాడ పుట్టుతదో చూసినోడు" అన్నాడు నాయిన.

"అబ్బో! మరి ఈయనో?"

నాయిన నా మొహంలోకి చూశాడు, ఆ సంగతి ఎవరైనా ఎందుకు అడగాలో అర్థం కానట్టు.

"ఈడా? ఈడు నావోడు."

పడవాయన నావైపు ఒకసారి చూసి తలూపాడు. ఇంకేమీ అడగలేదు. తెడ్డు వేస్తూ, "అయితే మీ అల్లుడుగారు ఏయే దేశాలు చూశారండీ?" అన్నాడు.

నాయిన భుజం వదలకుండానే మొదలుపెట్టాడు. ఏ రేవులో ఓడ ఆగింది, ఏ రేవులో ఏ సరుకు దించారు, ఎక్కడ ఏం తిన్నారు. చెబుతూ చెబుతూ, మబ్బుల మంద మొదటిసారి కనిపించింది కొలంబో దాటాక అన్నాడు.

"కొలంబో గాదు నాయినా" అన్నాను. "మొంబాసా."